కుర్చీ వెనక రాసిన నంబరు

మా పిన్నిని అందరూ కుర్చీలమ్మ అంటారు. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీ ఊరికే ఇచ్చి, అవసరం తీరాక వెనక్కి తీసుకునే సంస్థ ఆమెది. సంస్థ అంటే మరేం లేదు. ఒక పాత కారు షెడ్డు, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల, నూట ఎనభై కుర్చీలు, పిన్ని, ఆ కుర్చీలకు బేరింగులు మార్చే నేను. సేవ అనే మాటంటే నాకు ఒళ్లు మంట. నేను చదివిన పుస్తకాల్లో ఆ మాట పలికినవాళ్లలో సగంమంది పని ఇంకొకరి చేత చేయించుకున్నవాళ్లే. పిన్ని నోట ఆ మాట రాదు. అందుకే అక్కడ నిలిచాను.

మొదటి కుర్చీ అమ్మమ్మది. తుంటి విరిగినప్పుడు కొన్నారు. ఆమె పోయాక మడిచి తలుపు వెనక పెట్టారు. పక్కింటివాళ్లు అడిగితే పిన్ని ఇచ్చింది. వాళ్లు తిరిగి ఇవ్వకముందే మరొకరు అడిగారు. ఎన్నో ఇళ్లలో తలుపు వెనక అలాంటి కుర్చీ ఒకటి మడిచి ఉంటుందని ఆమెకు అప్పుడే తెలిసింది. అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టింది.

కుర్చీలు ఎక్కడివక్కడ పోకుండా వెనక ఫోన్ నంబరు రాయాలనుకున్నాం. పైన రంగు పూయడానికి రేకు ముక్కలో అంకెలు కోసింది నేనే.

"ఎవరి నంబరు పిన్నీ?"

"నాదే వెయ్యిరా, ప్రస్తుతానికి."

ఆ ప్రస్తుతం ఆరేళ్లు నడిచింది. చక్రం కిర్రుమంటోందని ఒకరు, బ్రేకు పట్టడం లేదని ఒకరు, మా ఆయన అలిగి కుర్చీ దిగనంటున్నాడు మీరైనా చెప్పండని ఒకరు. పిన్ని స్నానానికి వెళ్తే ఫోను సబ్బుపెట్టె పక్కనే ఉండేది. "నేనూ ఓ కుర్చీ రాయించుకుంటా. అప్పుడైనా నాతో మాట్లాడుతుందేమో" అనేవాడు బాబాయి. నవ్వుతూనే అనేవాడు, మొదట్లో.

విరాళాలిచ్చే కంపెనీ ఒకటి, సంస్థలు నడిపేవాళ్లు అలిసిపోకుండా ఉండటమెలాగో నేర్పమని ఒకావిడను పంపింది. ఆమె పిన్ని చేతిలో ఒక ఫారం పెట్టింది. పోయిన వారం మీకోసం మీరు ఎంత సమయం కేటాయించుకున్నారు? ఇది మొదటి ప్రశ్న.

"ఒక్క నిమిషం అమ్మా, ఈ ఫోను మాట్లాడి రాస్తా" అంది పిన్ని. నాలుగు ఫోన్లు అయ్యేసరికి ఆవిడ ఒక చిన్న పుస్తకం వదిలి వెళ్లిపోయింది. దాన్ని బల్ల పొట్టి కాలు కింద పెట్టాను. బల్ల కుదురుకుంది. తర్వాతెప్పుడో తీసి చదివాను కూడా. అందులో తప్పేం లేదు. విశ్రాంతి తీసుకోమంది. ఆ సమయంలో ఫోను ఎవరు ఎత్తాలో మాత్రం రాయలేదు.

ఒకరోజు మధ్యాహ్నం పిన్ని అన్నం డబ్బా తెరవడం అది మూడోసారి. ఫోను మోగింది. పని మానేసిన ముసలి దర్జీ ఒకాయన, కుర్చీకి పాదాలు ఆనించే పట్టీ తెగిందని ఆ రోజు చేసిన అయిదో ఫోను అది.

"తెగితే తెగనివ్వండి! నన్ను బతకనివ్వరా మీరంతా?" అని అరిచి పెట్టేసింది.

ఆమె అరవగా నేను వినడం అదే మొదలు. మెతుకు ముట్టకుండానే డబ్బాకి మూతపెట్టి సంచిలో పడేసింది.

"ఈ నెలాఖరుకి మూసేస్తాన్రా. ఇక నా వల్ల కాదు."

పోనీలే, మంచిదే అనుకున్నాను. ఆమె మొహం చూశాక అలా అనుకున్నందుకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే దర్జీ తాత వచ్చాడు. కోడలు కుర్చీ తోసుకొచ్చి, కూరగాయలకని అటే వెళ్లిపోయింది. పిన్ని గబుక్కున లేచింది.

"నిన్న నోరు జారాను మాస్టారూ. కుర్చీ తిరిగిచ్చేస్తారా?"

"ఇచ్చేసి పాక్కుంటూ పోనా? మిగతా తిట్లు తినడానికొచ్చా. సగంలో పెట్టేశావు కదా."

పిన్నికి నవ్వు రాలేదు. ఆయన గొంతు తగ్గించాడు.

"అసలు సంగతి చెప్పనా అమ్మాయ్? పట్టీ తెగలేదు. తెగినా నేను కుట్టుకోలేనా? నలభై ఏళ్లు మిషను తొక్కినవాణ్ణి. పొద్దుగూకేదాకా కిటికీ దగ్గరే కూర్చుంటా. కుర్చీ వెనక నంబరుంది కదా అని చేస్తుంటా."

"అంటే, తోచక చేశారా? అయిదుసార్లు?"

"మొన్న ఆరు."

పిన్ని ఏదో అనబోయింది. బల్ల మీద ఫోను మోగింది. ఆమె చెయ్యి వెళ్లేలోపే తాత అందుకున్నాడు.

"కుర్చీల షెడ్డండీ, చెప్పండి. కిర్రుమంటోందా? కుడి చక్రమా ఎడమ చక్రమా? రెండు చుక్కలు మిషను నూనె వెయ్యండి. ఊఁ. ఆఁ. మోకాళ్లా? మోకాళ్ల మాట నన్నడగండి చెప్తా..."

ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అవతలివాళ్ల బెంగ కూడా చక్రం గురించి కాదని నాకు అయిదో నిమిషానికే అర్థమైంది. పిన్ని నిలబడి వింది. తర్వాత కూర్చుంది. డబ్బా తెరిచి, పొద్దున పదింటికే అన్నం తినేసింది.

నూట ఎనభై కుర్చీల మీద నంబరు చెరపడం మాటలు కాదు. కానీ ఆ నంబరు పిన్ని సంచిలోనే ఉండాలని ఎవరూ అనలేదు. సిమ్ము తీసి పాత బటన్ల ఫోనులో వేశాను. తాత దానికి ఒక గుడ్డ సంచి కుట్టాడు, కుర్చీ చేతికి తగిలించుకునేలా. ఇప్పుడది వారానికొకరి దగ్గరికి వెళ్తుంది, అందరూ ఆ కుర్చీల్లో కూర్చునేవాళ్లే. బాగుచేతలుంటే చీటీ నాకొస్తుంది. ఒకాయన ఒకే కుర్చీ ఇద్దరికి ఇస్తానని మాటిచ్చాడు. ఒకావిడ చెప్పేవాళ్లకన్నా తనే ఎక్కువ చెప్పింది. షెడ్డేమీ కూలిపోలేదు.

మొదటి వారం పిన్ని చెయ్యి ఊరికే సంచిలోకి పోయేది. ఒకసారి నా ఫోను తీసుకుని, గొంతు మార్చి, "కుర్చీ కావాలండీ" అని పరీక్షించింది.

"అమ్మాయ్, ముక్కు మూసుకుని మాట్లాడితే తెలియదనుకున్నావా? పెట్టెయ్" అన్నాడు తాత.

ఆ నెల చివరి ఆదివారం షెడ్డు తాళంచెవి కోసం వాళ్లింటికి వెళ్లాను. పట్టపగలు పదకొండు గంటలు. పిన్ని తడి జుట్టు దిండు మీద పరుచుకుని పడుకుంది. పక్కన ఫోను లేదు. బాబాయి గుమ్మంలోనే ఆపాడు.

"లేపావంటే ఊరుకోను. ఆరేళ్ల నిద్ర బాకీ ఉంది."

"తాళంచెవి బాబాయ్..."

"రేపు రా. కుర్చీలు ఎక్కడికీ నడిచిపోవుగా."

అరుగు మీద కూర్చుని, చదువుకుందామని నా సంచిలోని పుస్తకం తీశాను. లోపలి నుంచి సన్నగా గురక. పిన్ని షెడ్డు మూసేస్తానన్న నెలాఖరు వచ్చిందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ గుర్తులేదు.