పీట మీద వంటిల్లు

"మావగారూ, గుమ్మం ఇంకా పొట్టిగానే ఉందండి."

"నువ్వు కాస్త వంగితే అరిగిపోతావా అమ్మాయ్?"

మావగారితో నా ఆఖరి మాటలివే. ఆయన తాపీమేస్త్రి. పాత వంటింటి గుమ్మం రోజూ నా నుదుటికి కొట్టుకునేది. మా ఆయన పోయాక, నాకు కొత్త వంటిల్లు కడతానని, ముందు పీట మీద చింతగింజంత ఇటుకలతో కట్టి చూసేవారు. నేను వంక పెడితే చిటికెన వేలితో పడగొట్టి, "మళ్ళీ మొదటికి" అనేవారు. గుమ్మంలో నాకు బదులు బెండకాయను నిలబెట్టి కొలిచేవారు. ఇక వంగే పని ఉండకూడదని నేను రోజూ పొడుగు బెండకాయే ఏరి ఇచ్చేదాన్ని.

మావగారు కూడా పోయాక చూస్తే, పీట మీద గుమ్మం ఇంకా పెరిగి ఉంది. శిష్యులు ఆ కొలతకే వంటిల్లు కట్టారు. అందులోంచి ఏనుగు కూడా పోవచ్చు. నేను మాత్రం ఆయన మాట కోసం వంగే వెళ్తున్నాను.

తమ్ముడూ, నేను చెప్తుంటే బెండకాయ సంగతి కూడా రాసేశావా? ఏదీ, మళ్ళీ మొదటినుంచి చదువు.