గోడ నీళ్లు తాగుతుందా: టేకుమట్ల దాకా ఒక ఆదివారం

సోమవారం పొద్దున జేసీబీ వస్తుందని, అడ్వాన్సు కూడా ఇచ్చేశానని బావ శుక్రవారం ఫోనులో చెప్పాడు. దంతాలపల్లిలో మా అక్క జయ వాళ్ల ఇంటి ముందు గది రాతి గోడల గది. పన్నెండేళ్లుగా అక్క అందులోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతోంది. రెండేళ్ల కింద ఆ గోడలకున్న సున్నం గీకించి, పుట్టీ పెట్టి ప్లాస్టిక్ పెయింటు వేయించారు. మొదటి వానాకాలానికే రంగు పొక్కింది. రెండో వానాకాలానికి పొరలు పొరలుగా ఊడింది, కుట్టి మడతపెట్టిన బట్టలకు చెమ్మ వాసన పట్టింది. రాయి పాడైపోయిందనీ, కూలగొట్టి ఇటుకతో కట్టాలనీ బావ తేల్చేశాడు. కట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో ఆయనకే తెలియదు. అన్నాళ్లూ అక్క మిషను ఎక్కడ పెట్టుకోవాలో, గిరాకీ ఎవరి దగ్గరికి పోతుందో ఎవరూ అడగలేదు. అక్క దగ్గర కుట్టించుకునే ఒకావిడ మాత్రం, టేకుమట్లలో తన మేనత్త రాజవ్వ ఇల్లూ రాతిదేననీ, దానికి ఒక్క పొక్కు కూడా లేదనీ చెప్పిందట. నేను జనగామలో గుమాస్తా ఉద్యోగం చేస్తాను, ఆదివారమే సెలవు. కూలగొట్టే ముందు ఆ ఇల్లు ఒకసారి చూసొద్దామని అక్కతో అన్నాను.

పొద్దున ఐదున్నరకు జనగామలో బస్సెక్కితే పాలకుర్తి మీదుగా ఏడింటికి తొర్రూరు చేరాను. అక్కడి నుంచి దంతాలపల్లికి అరగంట. అక్క గోడ నుంచి ఊడిన పెచ్చు ఒకటి క్యారీబ్యాగులో చుట్టుకుని సిద్ధంగా ఉంది. దవాఖానకు రిపోర్టులు తీసుకుపోయినట్టు దాన్ని దారంతా ఒళ్లోనే పెట్టుకుంది. ఎనిమిదింటికి బయలుదేరి వరంగల్, అక్కడ బస్సు మారి పరకాల, మళ్లీ మారి చిట్యాల. ఆడవాళ్లకు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్టు డబ్బులుండవు, కాకపోతే సీటు కూడా ఉండదు. వరంగల్ దాకా నిలబడే పోయాం. పరకాలలో ఇడ్లీ తిన్నాం, చట్నీ గురించి చెప్పుకోవడానికేమీ లేదు. చిట్యాలలో దిగేసరికి పన్నెండుంబావు. అక్కడి నుంచి టేకుమట్లకు షేర్ ఆటోలో మనిషికి ముప్పై రూపాయలు తీసుకున్నాడు.

"ఏం పని మీద పోతున్రక్కా?" అని ఆటో అతను అడిగాడు.

"ఒకరింటి గోడ చూడాలె," అంది అక్క.

అతను అద్దంలోంచి మా వైపు చూశాడు. "యాడికెళ్లి వస్తున్రు?"

"దంతాలపల్లి."

"పిల్లను చూసేటందుకు గూడ గింత దూరం ఎవలు పోతలేరక్కా," అని హారన్ కొట్టాడు.

రాజవ్వకు డెబ్బై దాటి ఉంటాయి. మేం వస్తున్న సంగతి మేనకోడలు ఫోన్ చేసి చెప్పిందట, ఎదురొచ్చి కూర్చోబెట్టింది. బయట ఎండ మండిపోతోంది, లోపల గది మాత్రం చల్లగా ఉంది. గోడలు తెల్లగా ఉన్నాయి గానీ నున్నగా లేవు, రాళ్ల ఎత్తుపల్లాలు సున్నం కింద కనిపిస్తున్నాయి. కూర్చుంటే వీపు తగిలేంత ఎత్తులో మాత్రం గోడ పొడుగునా ఒక పాత చీర మేకులకు కట్టి ఉంది. అదెందుకో నాకప్పుడు తోచలేదు.

అక్క పెచ్చు తీసి చూపించింది. రాజవ్వ దాన్ని నేల మీద పెట్టి, చెంబులో వేళ్లు ముంచి ముందు తన గోడ మీద నీళ్లు చిలకరించింది. చుక్కలు చూస్తుండగానే ఇంకిపోయాయి. తర్వాత పెచ్చు మీద చిలకరించింది. చుక్కలు చుక్కల్లాగే నిలబడ్డాయి.

"నా గోడ తాగుతది బిడ్డా. తాగింది మళ్ల గాలికి ఇడుస్తది. మీ గోడకు నోరు మూసిన్రు. నేలల నీళ్లు రాయిలకు ఎక్కుతయి, ఎక్కినయి ఎటు పోవాలె? గందుకే పొక్కింది," అంది. పెచ్చును తిప్పి చూసి, "సున్నం ఎందుకు తీసేసిన్రు మరి?" అని అడిగింది.

అక్క నా వైపు చూడలేదు. "గిరాకోళ్లు గోడకు ఆనుకుంటే ఈపులు తెల్లగయ్యేటియవ్వా. కొత్త జాకెట్లకు గూడ అంటుతుండె. నాకు సిగ్గనిపించింది. రంగేసే మేస్త్రి అప్పుడే చెప్పిండు, రాతి గోడకు గిది వద్దక్కా అని. నేనే ఇనలే. గా మాట మా ఆయనకు చెప్పలే. ఆయన రాయి ఖరాబైందంటే ఊకున్న."

రెండేళ్లుగా అక్క నాతో కూడా ఈ మాట అనలేదు. నాకు కోపం వచ్చింది.

రాజవ్వ మాత్రం నవ్వింది. గోడకు కట్టిన చీర చూపించి, "ఈపులకు అంటద్దనే గిది కట్టిన. నువ్వు కుట్టుడు పని చేస్తవంటివి. ఇంటినిండ బట్ట పెట్టుకొని గోడకు ఒక ముక్క కుట్టే సోయి లేకపాయెనా?" అంది.

పచ్చిపులుసుతో అన్నం పెట్టి పని కూడా చెప్పింది. పుట్టీ మొత్తం గీకాలి. గోడను నెల రోజులు అలాగే వదిలి ఆరనివ్వాలి. రాళ్ల సున్నం వారం ముందే నానబెట్టాలి, నీళ్లలో వేయగానే కుతకుత ఉడుకుతుంది కాబట్టి ముఖం దూరంగా పెట్టుకోవాలి. జల్లెడ పట్టి, కొంచెం నీలిమందు వేసి, పాలలా పలుచగా కలుపుకోవాలి. గోడ తడిపి ఒకటి ఆరాక ఒకటిగా మూడు పూతలు. "అంటద్దని డబ్బ జిగురు కలుపుతరు కొందరు. కలిపితే మళ్ల గదే కథ," అని హెచ్చరించింది.

రెండున్నరకు బయలుదేరి అదే దారిన ఏడింటికి దంతాలపల్లిలో దిగాం. బావ వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. అక్క చెప్పులు విడిచి, వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి, కిటికీ పక్కన చెయ్యి వెడల్పు గోడ గీకింది. పుట్టీ కింద అక్కడక్కడ పాత సున్నం, దాని కింద రాయి అతుకులు. నీళ్లు చల్లింది. ముగ్గురం నిలబడి చూశాం. నీళ్లు ఇంకిపోయాయి.

"రాయి మంచిగనే ఉన్నది," అంది అక్క. "మేస్త్రి వద్దన్న రంగు నేనే ఏయించిన. నీకు చెప్పలే."

బావ ఆ తడి మచ్చను చేత్తో తడిమాడు. తర్వాత ఫోన్ తీసి, "తమ్మీ, రేపు రాకు," అన్నాడు. అవతల ఏమడిగారో గానీ, "గోడది తప్పు లేదట," అని పెట్టేశాడు.

గోడలు కూలగొట్టడం మన దగ్గర ఇప్పుడు సులువైన పనే, ఒక ఫోన్ చాలు. తప్పు రాయిది కాదని తేలడానికి మాత్రం మేం నాలుగు జిల్లాలు తిరగాల్సి వచ్చింది, మేస్త్రి ఆ మాట దంతాలపల్లిలోనే చెప్పి ఉన్నా. గీకిన గోడల మధ్యే అక్క నెల రోజులు కుట్టింది, తర్వాత మూడు పూతల సున్నం పడింది. ఇప్పుడు ఆ గోడకు నడుమెత్తున జాకెట్ గుడ్డల ముక్కలతో కుట్టిన రంగురంగుల బట్ట ఉంది, గిరాకీ వాళ్లు ధర అడుగుతున్నారు. మీది కూడా రాతి గోడే అయితే రంగు కొనకముందు దోసెడు నీళ్లు చల్లి చూడండి. ఇప్పటికే వేయించి ఉంటే, మేస్త్రి వద్దన్న సంగతి ఇంట్లో త్వరగా చెప్పేయండి. జేసీబీకి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాదు.