పసుపు సూపూ, పరాయి నాయనమ్మా

ఇరవై దాటిన కొత్తలో మనిషికి తన తెలివిని మెచ్చుకోవడానికే లోకం కాచుక్కూర్చుందని ఒక నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకది మరీ ఎక్కువ. ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర కొత్తగా తెరిచిన కెఫేలో కూరగాయలు తరిగే పని నాది. ఓనర్‌ని మేం ‘వీగన్ సార్’ అనేవాళ్ళం. పాలు, నెయ్యి, గుడ్డు వంటగది గడప తొక్కకూడదు. (మమ్మల్ని తిట్టడంలో మాత్రం ఆ అహింస కనిపించేది కాదు.) ఆయన జపాన్ వాళ్ళు సోయా గింజలు పులియబెట్టి చేసే మీసో అనే ముద్ద తెప్పించి, దాంతో నూడుల్స్ సూపు పెట్టించాడు. వచ్చినవాళ్ళు ఒక్క చెంచాతో ఆపేసేవారు. “దీన్ని జనం తినేటట్టు జేసినోళ్ళకు వంట మాస్టర్ పని ఇస్త” అన్నాడు సార్.

ఆ మాట పట్టుకుని నాచారంలో మా ఇంటిని కంపు కొట్టించాను. చివరికి నూనెలో అల్లం, పసుపు వేయించి మీసో కలిపితే కుదిరింది. ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసొచ్చిన అమ్మ రుచి చూసి, “జరమొచ్చినోళ్ళకు పెట్టేటట్టున్నది. గాని బాగనే ఉన్నది” అంది.

కెఫేలో ఆ సూపు బాగా నడిచింది. వంటల వీడియోలు తీసే ఒకావిడ వస్తోందంటే, అందరి ముందూ నన్ను మాస్టర్ని చేస్తారనుకుని అమ్మను కూడా రమ్మన్నాను. సార్ కెమెరా ముందు నిలబడి, “ఇది మా నాయనమ్మ చేసే సూపు” అన్నాడు. (ఆ నాయనమ్మ మీసో ఎక్కడ కొనేదో ఎవరూ అడగలేదు.) గోడకు ఆ నాయనమ్మ ఫోటో పెడితే బాగుంటుందంది వీడియో ఆవిడ. సార్ చుట్టూ చూసి, “అమ్మా, జర గిన్నె పట్టుకోని గిట్ల కూసోండ్రి” అన్నాడు. మా అమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది.

కొద్దిరోజులకే గోడ నిండా అమ్మ. కింద ‘మా నాయనమ్మ చేతి పసుపు సూపు’ అని అక్షరాలు. మాస్టర్ పని సార్ బామ్మర్దికి వెళ్ళింది. మానేద్దామంటే, అమ్మ ప్రతి ఆదివారం వాడకట్టు ఆడవాళ్ళను తోలుకొచ్చి, “నా బిడ్డ పని జేసే కాడ నా ఫోటో పెట్టిన్రు, సూడున్రి” అని చూపించేది. ఏడుపుకు ఉల్లిగడ్డల సాకు దొరకడమొక్కటే ఆ ఉద్యోగంలో సుఖం.

ఒకనాడు బామ్మర్ది నా సూపు నాకే నేర్పబోయాడు. “మా బావోళ్ళ నాయనమ్మ గింత పసుపు ఎయ్యకపోయేది” అన్నాడు. ఏప్రన్ విప్పి బల్లమీద పడేసి ఇంటికొచ్చాను.

“ఆడ రాసింది నీ పేరు గాదే అమ్మా. వాళ్ళ నాయనమ్మ అని రాసిన్రు” అన్నాను కసిగా.

బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తలేదు. “మూడో తరగతి దాంక సదివిన. ఆడ రాసింది మొదటి దినమే సదువుకున్న.”

“మరి అందరిని ఎందుకు తోలుకొస్తివి?”

“నా పెండ్లిల గూడ ఫోటో తియ్యలే బిడ్డా. గంత మంచిగ నన్ను ఎవరు తీసిన్రు?”

ఇప్పుడు నేను వేరేచోట మాస్టర్నే. పేరు కోసం అంతగా ఉడికిపోయిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, సార్‌ని తలుచుకుంటే మాత్రం ఇంకా ఒళ్ళు మండుతుంది. కెఫే మూతపడిందని తెలిసి ఆ ఫోటో అడుగుదామని వెళ్తే, అప్పటికే తుక్కు సామానుతో పాటు బండికెక్కించి పంపేశారు. అమ్మకు ఆ మాట చెప్పలేక, సార్ ఇంటికి తీసుకుపోయాడన్నాను.

“పోనీలే, వాళ్ళ నాయనమ్మ గదా” అంది అమ్మ.