ఓబులమ్మ పంపిన ఇసుక

దయ్యాలను నమ్మను అని చెబితే నా విషయంలో అది చాలా చిన్న మాట అవుతుంది. నేను దయ్యాలను తయారుచేసినవాణ్ణి. మిఠాయి కొట్టువాడు మైసూర్‌పాక్ తినడు చూడండి, అట్లాగే. ఏ దయ్యానికి ఎంత పాకం పట్టానో నాకు తెలుసు కాబట్టి వాటి భయం నాకు ఎన్నడూ లేదు.

మాది బెంగళూరు పక్కన యలహంక. తాతల నాటి నుంచీ అక్కడే. పాత ఊళ్ళో నాకు జీపులు బాగుచేసే షెడ్డు ఒకటి ఉండేది. తొంభైలు అయిపోయి రెండువేల సంవత్సరం దాటేసరికి సర్జాపుర రోడ్డు వైపు అపార్ట్‌మెంట్లలో చేరిన కంప్యూటర్ పిల్లలకు శని, ఆదివారాలు ఏం చేసుకోవాలో తోచేది కాదు. వాళ్ళలో ఒకడు జీపు రిపేరుకు వచ్చి, ఎడారి చూడాలంటే రాజస్థాన్ దాకా పోవాలి కదా అన్నాడు. ఎందుకప్పా, నేను ఏడు గంటల్లో చూపిస్తా అన్నాను. నేను చెప్పిన వాటిలో నిజమైన మాట అదొకటి.

అనంతపురం జిల్లాలో, బళ్ళారి సరిహద్దుకు ఆనుకుని హగరి అని ఒక ఏరు ఉంది. నీళ్ళు పారేది ఏడాదిలో కొన్ని రోజులే. మిగతా కాలమంతా గాలి ఆ ఏటి ఇసుకను ఎత్తి ఒడ్డున ఉన్న చేల మీద పోస్తూ ఉంటుంది. తాటిచెట్టంత దిబ్బలు. మొదటిసారి చూసినవాళ్ళు జీపు ఆగకముందే దూకేస్తారు.

అట్లా ట్రిప్పులు మొదలయ్యాయి. నావి రెండు జీపులు. ముందుది నేను, వెనకది మునిరాజు నడిపేవాళ్ళం. మునిరాజు నా షెడ్డులోనే పనిచేసేవాడు, నా ఈడువాడు, నా అబద్ధాలకు తల ఊపడంలో ఆరితేరినవాడు. ఇసుకలోకి దిగే ముందు బండ్లు ఆపి టైర్లలో సగం గాలి తీసేయాలి. అప్పుడు టైరు ఒంటె పాదంలా పరుచుకుంటుంది, కూరుకుపోదు. గాలి పోయే ఆ పది నిమిషాలు చూడవచ్చినవాళ్ళకు పని ఉండదు. అదే నా కథల సమయం. గాలితోపాటు ఒక దయ్యాన్ని కూడా వదిలేవాణ్ణి.

దిబ్బల అంచున చివరి చేను ఓబులమ్మది. అరవై దాటిన మనిషి, మొగుడు పోయాడు, పిల్లలు లేరు. రెండెకరాల వేరుశనగ చేను, ఒక బావి. చేనుకూ ఇసుకకూ మధ్య రొమ్ము ఎత్తున ముళ్ళకంప కంచె ఉండేది. ఒకసారి మజ్జిగ పోస్తూ దాని సంగతి చెప్పింది.

"అడుగున మా మామ కట్టిన కంప ఉండాది నాయనా. దాని మింద మా ఆయన కట్టింది. ఈ పైన కనపడేది నాది. ఇసక ఎంత లేస్తే మేమూ అంత లేయల్ల."

ఇసుక కళ్ళలో పడకుండా చెంగు మొహానికి చుట్టుకుని, పంగలకర్రతో కంపను అదుముతూ ఉండేది ఎప్పుడు చూసినా. ఎండలో దూరం నుంచి చూస్తే మనిషి కాళ్ళు నేలకు ఆనినట్టు కనపడవు. ఇంతకన్నా మంచి సరుకు నాకు ఎక్కడ దొరుకుతుంది? అదిగో చూడండి, ముప్పై ఏళ్ళ కిందట ఇసుకలో పూడిపోయిన మనిషి, ఆమె ఎవరినైనా మనసులో పెట్టుకుంటే ఇసుక వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ పోతుంది అని చెప్పేవాణ్ణి. పిల్లలు ఫోటోలు తీసుకునేవాళ్ళు.

ఆ మాట ఆమె చెవిన పడింది.

"నన్ను దయ్యమని చెప్తాండావంట గదా."

"సుమ్నే అవ్వా, ఊరికే, పిల్లోళ్ళు నగుతారని."

"నగనీలే. నగితే నాకేం పోతాది."

జీపు ఎక్కించడానికి అన్నిటికన్నా మంచి వాలు ఆమె కంచె వెనకే ఉండేది. దాని మీదికి పోవాలంటే ఊరు చుట్టి రావాలి. ఉగాది దాటాక ఒక రోజు నేనూ మునిరాజూ ఆ కంపను కొట్టి గండి పెట్టాం. టేపు పెట్టి కొలిచాను, ఆరడుగులు. జీపు పట్టడానికి సరిపోతుంది. ఓబులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి జీపు బానెట్ మీద రెండు చేతులూ పెట్టింది. చెంగు జారిపోయింది. ఆమె మొహం సరిగ్గా చూడడం నాకు అదే మొదటిసారి.

"ఆషాఢం గాలి రాకముందే మూసేయండి నాయనా. కంపకు గండి పడితే గాలి అదే దోవ పట్టుకుంటాది. నాకు ఈ చేను తప్ప ఇంకోటి లేదు."

నా తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాను. నేనే వచ్చి మూస్తా అవ్వా అన్నాను.

మూయలేదు. దానికి నేను చూపగలిగిన కారణం ఏదీ లేదు. మరచిపోయాను అనడం కూడా అబద్ధమే, ఎందుకంటే రెండుసార్లు గుర్తొచ్చింది. ఆ ఒక్క పనికి అంత దూరం పోవాలా అనిపించింది. ఆషాఢంలో ఎటూ ట్రిప్పులు ఉండవు. షెడ్డులో కూర్చుని టీ తాగుతూ ఉండిపోయాను.

దసరా తరువాత మళ్ళీ పోయాం. చేను లేదు.

ఆరడుగుల గండిలోంచి దూరిన ఇసుక లోపల చేటలా విచ్చుకుని, బావిని పూడ్చి, గుడిసె గోడ దాకా వచ్చి ఆగింది. బావి గట్టున ఉండే వేపచెట్టు నడుము దాకా మునిగింది. ఓబులమ్మ ఆ ఇసుక మీద, తన చేను ఉండిన చోట, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మునిరాజు జీపు దిగలేదు.

ఆమె తిట్టలేదు. మన్నెత్తి పోసి శపించలేదు. నేను దగ్గరికి పోయి నిలబడితే, ఇల్లు అడిగి తెలుసుకునే చుట్టంలాగా అడిగింది.

"నీ ఇల్లు యాడ నాయనా?"

"యలహంక అవ్వా."

"వాకిలి యా పక్క?"

"తూర్పు."

తల ఊపింది. "ఇసక కోసరమే గదా ఇంత దూరం వచ్చేది. ఇంక రావద్దులే. నేనే పంపిస్తా."

సిగ్గులేనివాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ మాటను అదే రోజు మధ్యాహ్నం జీపులో ఉన్నవాళ్ళకు నా కథకు కొత్త ముగింపుగా చెప్పాను. బాగా నవ్వారు.

మొదటిది టైరు. తిరిగి వచ్చిన నాలుగో రోజున నా జీపు ముందు టైరు బరువుగా తిరుగుతోందని పంక్చర్ బాషా దగ్గరికి తీసుకుపోయాను. మా వీధి చివర అతని అంగడి. ట్యూబు విప్పి గాలి తీస్తే గాలి రాలేదు, సన్నగా ఇసుక కారింది. బాషా ట్యూబును కోశాడు. సగం దాకా ఇసుక.

"ఏమప్పా, సూది దూరే బెజ్జంలో ఇంత ఇసక ఎట్ల పోసినావు? ఎన్ని దినాలు పట్టింది?"

నేను కథ చెబుతానేమోనని అతను ఎదురుచూశాడు. నా దగ్గర కథ లేదు. ఆ ట్యూబు ముక్క చాలా కాలం అతని అంగడిలో మేకుకు వేలాడుతూ ఉండేది.

తరువాత ఇల్లు. ఒకరోజు పొద్దున నా భార్య రత్న వాకిలి ఊడుస్తూ గడప లోపల ఇసుక ఉందని చెప్పింది. అప్పట్లో మా చుట్టూ ఇళ్ళు కడుతున్నారు, వీధికొక ఇసుక కుప్ప. ఆ గాలికే అనుకున్నాను. మరునాడూ ఉంది, ఆ మరునాడూ ఉంది. అప్పుడు వీధిలో కుప్ప నుంచి గుప్పెడు, మా ఇంట్లోది గుప్పెడు తెచ్చి తెల్ల పళ్ళెంలో పక్కపక్కన పోసి చూశాను. వీధి ఇసుక మోటుగా, గవ్వ పెంకులతో ఉంది. మాది జల్లించిన గోధుమరవ్వలాగా సన్నగా ఉంది. ఆ ఇసుకను నేను చెప్పుల్లోంచి ఎన్నిసార్లు దులుపుకున్నానో. దాన్ని గుర్తుపట్టడానికి నాకు పళ్ళెం అక్కర్లేదు.

ఇంకొక సంగతి. మాది మేడ మీది ఇల్లు. పదమూడు మెట్లు. ఒక్క మెట్టు మీద కూడా ఇసుక ఉండేది కాదు.

కిటికీల సందుల్లో తడి పేపర్లు కుక్కాను. ఫ్యాన్లు ఆపాను. ఒక పెళ్ళికి పోయి సాయంత్రానికి తిరిగి వచ్చి తలుపు తీస్తే, హాలులో ఇసుక మీద గాలి గీసిన అలలు ఉన్నాయి. దిబ్బల మీద ఉండేవి, అచ్చం అవే. మూసిన ఇంట్లో ఆ గాలి ఎక్కడిది?

రత్న ఆ అలలను చూసింది. తరువాత మూలనున్నది తెచ్చి నా చేతికి ఇచ్చింది. "ఊరందరికీ కథలు చెప్పినావు, సరే. ఇది కథ కాదు, చీపురు. పట్టుకో."

ఊడ్చే ముందు ఎందుకో టేపు తెచ్చి కొలిచాను. తూర్పు వాకిలి నుంచి వంటింటి వైపు తిన్నగా ఒక పట్టీలాగా పరుచుకుని ఉంది. వెడల్పు ఆరడుగులు. మా వాకిలి వెడల్పు మూడడుగులే. మిగతా ఇసుక అటూ ఇటూ గోడ మొదట్లోంచి మొదలైంది, అక్కడ గోడ లేనట్టు.

ఆ రోజు రత్నకు అంతా చెప్పాను, గండి సంగతి, ఒట్టు సంగతి. ఆమెతో ఏదీ కలపకుండా మాట్లాడడం నాకు అదే మొదలు. అంతా విని ఒకటే అడిగింది.

"ఆయమ్మకు ఆ చేను కాకుండా ఇంకేమి ఉండాది?"

"ఏమీ లేదు."

ఇసుక వంటింటి గడప దాకా వచ్చి, మూత బిగించిన బియ్యం డబ్బాలో కూడా కనిపించిన రోజున రత్న హెబ్బగోడిలో తన చెల్లెలి ఇంటికి పోయింది. "ఆయమ్మ కాళ్ళు పట్టుకుంటావో, కంప కడతావో. అది అయినాక ఫోన్ చెయ్యి" అంది.

కొడవళ్ళు తీసుకుని నేనూ మునిరాజూ పోయాం, ట్రిప్పు జనం లేకుండా. మూడు రోజులు కంప కొట్టి ఆ గండి మూశాం. చేతులు రెండూ చీరుకుపోయాయి. ముళ్ళు ఎట్లా అదమాలో మాకు తెలియదు, ఒకటి పెడితే రెండు లేస్తాయి. ఓబులమ్మ గుడిసె ముందు మంచం మీద కూర్చుని చూస్తూనే ఉంది. ఇట్లా కాదు అని ఒక్క మాట చెప్పలేదు, నీళ్ళు ఇవ్వలేదు. ఒకప్పుడు మజ్జిగ పోసిన మనిషి.

మూడో రోజు మధ్యాహ్నం పని అయిపోయాక పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. తప్పయింది అవ్వా అన్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది, నెత్తురు వైపు. తరువాత అడిగింది.

"ఎంత మటుకు వచ్చింది నాయనా?"

ఇసుక సంగతి నేను ఆమెతో ఎత్తలేదు. మునిరాజు ఎత్తలేదు. ఆ ఊళ్ళో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అది నేను ఏ దేవుడి ముందైనా చెప్పగలను, నా ఒట్లకు విలువ లేదని నాకు తెలిసినా సరే.

"వంటింటి గడప దాకా" అన్నాను.

ఆమె కాసేపు లెక్క చూసుకుంటున్నట్టు తన చేను వైపు చూసింది. వేపచెట్టు వైపు, బావి ఉండిన చోటు వైపు.

"మాది రెండెకరాలు గదా. ఇంకా చానా ఉండాది."

అంతే. చెంగు మొహానికి చుట్టుకుని గుడిసెలోకి పోయింది. మునిరాజు జీపు తిప్పాడు. యలహంక చేరాక అతను నా షెడ్డులో పని మానేశాడు.

జీపులు అమ్మేశాను. రత్నకు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తగ్గదంట, చానా ఉండాదంట అని. రెండు నెలలకు తనంతట తనే వచ్చేసింది, వస్తూ ఇంకో చీపురు తెచ్చింది.

ఇల్లు మారడం కూడా ప్రయత్నించాం. కొత్త ఇంటి వాకిలి ఉత్తరం. రెండు వారాలు ఏమీ లేదు. తరువాత తూర్పు గోడ మొదట్లో కనపడింది. ఆరడుగులు.

ఇది నేను చెబితే యలహంకలో ఎవరూ నమ్మరు. ఈసారి దయ్యం బాగుండాదప్పా అని టీ తాగి పోతారు. వాళ్ళ తప్పు లేదు. ఇసుక ఎట్లా వస్తుందో ఇన్నేళ్ళు ఆలోచించినా నాకు అంతు పట్టలేదు. ఓబులమ్మ ఇప్పుడు ఉందో లేదో కూడా తెలియదు. కనుక్కునే ధైర్యం లేదు. ఆషాఢంలో ఎక్కువ వస్తుంది, మిగతా కాలం కొద్దికొద్దిగా. ఈ పొద్దున కూడా ఊడ్చాను.

నమ్మకం లేనివాళ్ళు ఒకసారి మా ఇంటికి రండి. చెప్పులు మాత్రం బయట విడవకండి. వేసుకునే లోపలికి రండి.