వెనక వచ్చే బండి

పోయిన వారం ఆటోనగర్‌లో నా పాత బైకు వెనక చక్రం విప్పిన మెకానిక్కు బ్రేకు లైనర్లు రెండూ తీసి నా అరచేతిలో పెట్టాడు. అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి. "ఊళ్లో తిరిగితే ఇలాగవ్వవు బాబూ. ఘాట్ ఎప్పుడు దిగేరేటి?" అన్నాడు. రెండు చలికాలాల కిందట అని చెప్పాను. "ఇన్నాళ్లూ ఈటితోనే తిరిగీసారా?" అని నా వంక జాలిగా చూసి కొత్తవి తేవడానికి వెళ్లాడు. షెడ్డు బయట స్టూలు మీద కూర్చుని, నలుపెక్కిన ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు పట్టుకునే ఉన్నాను. అదే వీధిలో, కాస్త అవతల, లారీల బ్రేకులకు లైనర్లు వేసే షెడ్డులో మా బావ పని చేసేవాడు.

బావ అంటే చుట్టమేమీ కాదు. నేను విజయనగరం అవతల పల్లె నుంచి పోర్టులో క్రేను నడపడానికి వచ్చిన రైతు బిడ్డని. అతను గాజువాకలో పుట్టి పెరిగిన క్రైస్తవుడు. పెళ్లయిన కొత్తలో పక్కపక్క వాటాల్లో అద్దెకున్నాం. కుళాయి దగ్గర మొదలైన పిలుపు అది, జీవితాంతం ఉండిపోయింది. ఆ లెక్కన అతని భార్య నాకు చెల్లెమ్మ అయింది. మా ఆవిడకి వాళ్లింటి క్రిస్మస్ కేకు మీద, వాళ్లకి మా ఇంటి పులిహోర మీద హక్కులు పుట్టాయి. ఏటా వలిసె పూలు పూసే రోజుల్లో మేమిద్దరం చెరో బండి మీద శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేవాళ్లం. అరకు చూడాలని కాదు. చూడ్డానికి అక్కడ ఏముందో మా ఇద్దరికీ పెద్దగా పట్టేది కాదు. పోర్టు బొగ్గుపొడి నాకు, ఇనుప రజను అతనికి ఏడాదంతా ముక్కులో ఉండేవి గనుక, రెండు పూటలు మంచి గాలి పీల్చి రావడం అంతే.

బావ ఎప్పుడూ నా వెనకే వచ్చేవాడు. ముందుకు రమ్మంటే వచ్చేవాడు కాదు. నా బండి బ్రేకుల చప్పుడు వెనక నుంచి వింటే తప్ప అతనికి తృప్తి ఉండదు. దారిలో ఏ లారీ ఆగిపోయి కనిపించినా దిగి, దాని కింద దూరి, డ్రైవరుకి నాలుగు చీవాట్లు పెట్టి గానీ కదలడు. అందుకని నేను పైకి చేరి టీ తాగి, రెండో టీ తాగుతుండగా అతని హారన్ వినిపించేది. ఘాట్ మొదట్లో అమ్మవారి గుడి ఉంది. లారీలన్నీ అక్కడ ఆగి కొబ్బరికాయ కొట్టి వెళతాయి. నేను దండం పెడుతుంటే బావ బండి దిగకుండానే, "నా వంతు కూడా ఎట్టీయ్ బావా. మా పాస్టర్ గారికి మాత్రం సెప్పకు" అనేవాడు. నేను రెండుసార్లు దండం పెట్టేవాణ్ణి. అమ్మవారికి ఆ ఏర్పాటు మీద అభ్యంతరం ఉన్నట్టు ఎప్పుడూ తోచలేదు.

వినాయక చవితి వెళ్లిన కొన్నాళ్లకి బావ షెడ్డులోనే కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గుండె. నాకు కబురు వచ్చింది, వెళ్లాను, శవపేటిక ఓ మూల నేనే పట్టాను, సమాధిలో పిడికెడు మట్టి వేశాను. ఒక్క కన్నీటి చుక్క రాలేదు. ఏడుపు ఆపుకున్నాను అనుకోకండి. ఆపుకోవడానికి లోపల ఏదీ లేదు. చాలాసేపు ముడుచుకు కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి మనది కానట్టు అయిపోతుంది చూడండి, నేను మనిషిని మొత్తం అలా అయ్యాను. మర్నాడు డ్యూటీకి వెళ్లాను. ఆకలి వేసింది, తిన్నాను. నిద్ర కూడా పట్టింది. మా ఆవిడ నన్ను కొంచెం భయంగా చూసేది. ఆమె చూపుకి కూడా నాకేమీ అనిపించలేదు.

క్రైస్తవుల్లో కొన్నాళ్లకి ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక దగ్గరివాళ్లు లేచి పోయిన మనిషి గురించి సాక్ష్యం చెప్పాలి. మాలో అయితే పెదకర్మ నాడు భోంచేసి వచ్చేయడమే, ఎవరినీ మాట్లాడమనరు. ఆ పద్ధతిలో ఉన్న సుఖం నాకు అప్పుడే తెలిసింది. చెల్లెమ్మ మా ఇంటికి వచ్చి, "అన్నయ్యా, ఆదివారం మీరు లేచి నాలుగు మాటలు సెప్పాలి. ఆయన్ని మీకన్నా ఎరిగినోలు ఎవులున్నారు? మీరు సెప్తే నాకు గుండె నిబ్బరంగా ఉంటాది" అంది. సరేనన్నాను. ఆమె వెళ్లాక కూర్చుని వెతుక్కుంటే ఒక్క మాట కూడా దొరకలేదు. కన్నీళ్లు లేకపోయినా పరవాలేదు గానీ, మాట కూడా లేకుండా ఆ షామియానాలో నిలబడితే ఆమె ఏమైపోతుంది? ఆ భయం ఒక్కటే నాలో కాస్త కదిలింది. శనివారం పొద్దున్నే బండి తీసి ఒక్కణ్ణే ఘాట్ వైపు బయల్దేరాను. మాటలు అక్కడేమైనా ఉంటాయేమోనని.

దారి అంతా ఎప్పటిలాగే ఉంది. గుడి దగ్గర ఆగి, అలవాటుగా రెండు దండాలు పెట్టాను. మలుపు మలుపుకీ లోయలో మంచు, ఏటవాలు చేలల్లో పసుపుపచ్చని వలిసె పూలు, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు. అందంగా ఉందని తెలుస్తోంది, అంతే. ఎవరో చెబితే విన్నట్టుగా తెలుస్తోంది.

ఘాట్ పైన, మలుపులో, మేము ఏటా ఆగే పాక ఉంది. అక్కడ ఒక గిరిజన ముసలమ్మ టీ కాచి, మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"ఒక్కడివే వొచ్చినావేటి? ఆ నవ్వులాయన రాలేదా?"

"ఎనకాల వత్తన్నాడు" అన్నాను.

అబద్ధం ఆడదామని అనలేదు. ఆ ప్రశ్నకి ఏటా చెప్పే జవాబే నోట్లోంచి వచ్చింది. ఆమె కూడా ఏటా వినే జవాబే కదా, నమ్మింది. బావకి నిమ్మకాయ పడదు, కారం దండిగా పడాలి. ఆ సంగతి గుర్తుంచుకుని ఒక మంచి పొత్తు ఏరి నిప్పుల మీద పెట్టింది. నేను టీ తాగాను. పొత్తు కాలింది. ఆమె కారం రాసి, ఆకులో చుట్టి పొయ్యి గట్టున పెట్టి, "ఎంతకీ రాలేదేటి? బండికేటైనా అయ్యిందేమో" అంది. "సూసొత్తాను" అని లేచాను.

మా పోర్టు వాళ్లలో చాలామందికి ఒక జబ్బు ఉంది. దిగుడు వస్తే ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో బండిని వదిలేస్తాం, పెట్రోలు మిగులుతుందని. ఎక్కిన గేరులోనే దిగాలి, ఇంజనే అసలు బ్రేకు అని బావ చెప్పి చెప్పి విసిగిపోయాడు. అతను వెనక ఉన్నంతకాలం ఘాట్‌లో ఆ పని చేసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు ఇంజను ఆపేశాను. చప్పుడు లేకుండా దిగుతుంటే హాయిగానే ఉంది. కొన్ని మలుపులు దిగేసరికి కాలిన వాసన వచ్చింది. బ్రేకు నొక్కితే కాలు కిందికి పోతోంది గానీ బండి ఆగడం లేదు. ఎదురుగా మలుపు, దాని అవతల గాలి. హ్యాండిలు కొండ వైపు తిప్పేశాను. బండి కాలువలో మట్టికి తగిలి పడింది, నేను దాని పక్కన పడ్డాను. మోచెయ్యి గీరుకుంది.

లేచి, మట్టి దులుపుకుని, రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాను. చక్రం నుంచి పొగ వస్తోంది. నేను పైకి, రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంత వాసన వచ్చాక బావ వచ్చేస్తాడు, బండి ఆపకుండానే తిట్లు మొదలుపెడతాడు, ఏం చెప్పి తప్పించుకోవాలా అని ఆలోచిస్తున్నాను. నిజంగానే ఆలోచిస్తున్నాను. ఒక బస్సు దిగింది. రెండు లారీలు దిగాయి. చక్రం చల్లారింది. నన్ను తిట్టడానికి ఎవరూ రాలేదు.

అప్పుడు ఏడ్చాను. గట్టిగా, సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

బండి లేపి, మొదటి గేరులో మళ్లీ పైకి ఎక్కాను. ముసలమ్మ నా మోచెయ్యి చూసి నీళ్లు తెచ్చింది.

"ఆయన రాడమ్మా. పోయాడు."

ఆమె పొయ్యి గట్టున ఉన్న పొత్తు వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మరి ఇందాక ఎనకాల వత్తన్నాడన్నావు కదా" అంది.

"ఇందాకటికి నాకూ తెలీదు" అన్నాను.

మర్నాడు కూడికలో లేచి నిలబడ్డాను. "మా బావ పోయాడు" అన్నాను. ఇంకేవో చెబుతానని అందరూ చూశారు. పాస్టర్ గారు కళ్లజోడు సవరించుకుని ఎదురుచూశారు. అక్కడితో కూర్చుండిపోయాను. ఆయనే సర్దుకుని పాట ఎత్తుకున్నారు. భోజనాల దగ్గర చెల్లెమ్మ నా పళ్లెంలో కూర వడ్డిస్తూ, "ఇన్నాళ్లూ మీరు ఆ మాట అనకపోతే, ఆయన మీ ఇంటికే వొచ్చి కూకున్నాడేమో అనుకునేదాన్ని అన్నయ్యా" అంది. అని, కొంగుతో ముఖం తుడుచుకుని పక్కవాళ్లకి వడ్డించడానికి వెళ్లింది. మనిషి పోయిన రోజు అందరికీ ఒకటే గానీ, ఆ కబురు ఎవరి దగ్గరికి ఎప్పుడు చేరాలో కాలం ఎవరికి వారికి వేరేగా రాసి పెడుతుంది.