బోణీకి ముందు వచ్చిన క్రాంకు

ఈ బరువు మోయబట్టి చాలా ఏళ్లయింది. మోస్తున్నానని కూడా ఇప్పుడు తెలియడం లేదు. ఎక్కువసేపు గొంతుక్కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, అది మన కాలో కాదో తెలియదు చూడండి, అలా ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తాడిపత్రిలో నాకు సైకిల్ షాపు ఉంది. సైకిళ్లు, విడిభాగాలు అమ్ముతాను, రిపేర్లు చేస్తాను. బండలు పాలిష్ చేసే యూనిట్లకు పోయేవాళ్లు, పాలవాళ్లు, స్కూలు పిల్లలు నా గిరాకీ. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్లు గడిచేసరికి మోటార్ సైకిళ్లు సగం గిరాకీని ఎత్తుకుపోయాయి. అది సహించాను. ఆ తర్వాత ఇంటర్నెట్‌లో సరుకు కొనడం మొదలైంది. అది మాత్రం సహించలేకపోయాను. ఎందుకో చెప్పాలంటే ఓబులేసు గురించి చెప్పాలి.

ఓబులేసు ఒక పాలిష్ యూనిట్‌లో పనిచేసేవాడు. పెళ్లీడు కుర్రవాడు. కనుబొమల మీద ఎప్పుడూ రాతి పొడి తెల్లగా ఉండేది. పని దిగగానే సైకిలెక్కి గుత్తి రోడ్డు పట్టేవాడు. జిల్లా పోటీల్లో గెలిచాడు. రాష్ట్ర జట్టుకు ఎంపికైతే క్రీడల కోటాలో రైల్వే ఉద్యోగానికి అవకాశం ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ రాతి పొడిలోంచి బయటపడటానికి అతనికి కనిపించిన దారి అదొక్కటే. రేసు సైకిల్ బెంగళూరులో పాతది కొన్నాడు కానీ చైను, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు అన్నీ నా దగ్గరే. అతనంటే నాకు ఇష్టం. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఎంపికల ముందు అతనికి మంచి క్రాంకులు కావాల్సి వచ్చాయి. పెడల్‌ను మధ్య ఇరుసుకు కలిపే చేతినే క్రాంకు అంటాం. కాలి బలమంతా దాని మీదే పడుతుంది. నేను తెప్పిస్తానన్నాను. వచ్చే వారం, వచ్చే వారం అంటూ తిప్పాను. నా డీలర్ల దగ్గర అలాంటివి ఉండవని నాకు తెలుసు. లేవని చెప్పడానికి నోరు రాలేదు, అంతే. చివరికి అతను బెంగళూరులో ఉన్న స్నేహితుడి కార్డు మీద ఏదో విదేశీ షాపు నుంచి తెప్పించుకున్నాడు. ఆ సంగతి అతను డబ్బాతో నా షాపు మెట్టెక్కేదాకా నాకు తెలియదు.

అప్పుడే షట్టర్ ఎత్తి ఊదుబత్తి వెలిగించాను. బోణీ కాలేదు. మా బజారులో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే రిపేరుకు వచ్చినవాడు ముందు ఏదో ఒక చిన్న వస్తువు, కనీసం ఒక వాల్వ్ ట్యూబు ముక్కైనా, కొని బోణీ చేసి, ఆ తర్వాతే తన పని చెబుతాడు. కూలి బోణీ కిందికి రాదు, సరుకు కదలాలి. ఇది ఓబులేసుకు తెలుసు. ఎప్పుడూ తప్పినవాడు కాదు. ఆ రోజు సంబరంలో మరిచిపోయాడు. పరాయి దేశపు డబ్బా నా బల్ల మీద పెట్టి, బిగించమన్నాడు.

నాకు ఒళ్లు మండింది. అయినా పానా అందుకుని కుడివైపు క్రాంకు సరిగ్గానే బిగించాను. ఎడమవైపుది ఇరుసుకు తగిలించి, బోల్టును వేళ్లతో తిప్పి పెట్టాను. ఇంతలో ఒకాయన టైరు కావాలంటూ వచ్చాడు. పానా కింద పెట్టి లేచాను. టైరు దించి ఇచ్చి, నోటు కళ్లకద్దుకుని గల్లాలో వేశాను. తిరిగి వచ్చేసరికి ఓబులేసు ఆ క్రాంకుల మెరుపు చూసి మురిసిపోతున్నాడు. అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను.

మరిచిపోయానా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే, జవాబు మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. మరిచిపోలేదు. ఆ బోల్టు వైపు చూశాను. పొడుగు పానాతో ఒంటి బలమంతా వేసి బిగించాలని తెలుసు. ఏ సైకిలైనా నేను ఒక రౌండు తొక్కి చూడకుండా ఇవ్వను, ఆ రోజు అదీ చేయలేదు. క్రాంకు ఊగితే మళ్లీ నా దగ్గరికే వస్తాడు, దగ్గరి షాపు విలువేంటో అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. పడతాడని అనుకోలేదు. అనుకోకపోవడం కూడా ఒక సాకేనేమో. బోల్టు వదులైతే ఏమవుతుందో తెలియనివాడినా నేను?

గుత్తి రోడ్డు ఎత్తులో ఓబులేసు లేచి నిలబడి తొక్కుతుంటే క్రాంకు ఊడివచ్చి కింద పడ్డాడు. మోచెయ్యి నలిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. సైకిల్‌ను ఆటోలో నా షాపుకే తెచ్చారు. వాళ్ల నాయన నన్ను అడిగాడు, ఇదెట్లా జరిగిందని. చుట్టూ జనం ఉన్నారు. కంప్యూటర్‌లో చూసి కొన్న సరుకు ఇలాగే ఉంటుందని, లోపల నాసిరకం లోహమని చెప్పాను. నా గొంతు వణకలేదు. అది నాకు బాగా గుర్తు.

కొన్ని వారాలకు ఓబులేసు చేతికి కట్టుతోనే వచ్చాడు. చంకలో ఒక డబ్బా.

"అన్నా, కొత్తది పంపినారు. దుడ్లు కూడా అడగలా."

"ఎవురప్పా?"

"ఆ షాపోళ్లే. నా స్నేహితునితో రాయించినా, మీ సరుకు ఇట్లుండాది, పడినానని. తప్పు మాదే, చెయ్యి ఎట్లుండాదని అడిగినారంట. వాళ్లు యాడ, మనం యాడ? నా మొగం కూడా చూసినోళ్లు కాదు."

నేను బల్ల తుడుస్తూ ఉన్నాను.

"నువ్వు చెప్పినావు కాబట్టి రాయించినా అన్నా. లేకుంటే నాకేం తెలుస్తాది?"

"బిగించేదా?" అన్నాను.

"ఇప్పుడొద్దులే. చెయ్యి చాపేకి రాలా. నీ తావే పెట్టుకో. నీ తావుంటే నాకు నమ్మకం."

చెప్పాల్సింది అప్పుడే. చేయని తప్పుకు ముక్కూ మొగం తెలియని వాళ్లు క్షమాపణ చెప్పారు. చేసినవాడిని నేను, అతనికి మూరెడు దూరంలో నిలబడి బల్ల తుడిచాను. అంతకుమించి ఆ రోజు నాలో ఏమీ కదలలేదు.

చెయ్యి పూర్తిగా చాపడం అతనికి మళ్లీ రాలేదు. ఎంపికలు జరిగిపోయాయి. రేసు సైకిల్ అమ్మేశాడు. మళ్లీ పాలిష్ యూనిట్‌లోనే చేరాడు, బరువు పనులకు పనికిరాడని మెషిన్ దగ్గర నీళ్లు పట్టే పని ఇచ్చారు. కనుబొమల మీద పొడి అలాగే ఉంది. ఆ డబ్బాను ఒక ఏడాది అటక మీద ఉంచి, తర్వాత ఎవరికో అమ్మేశాను. అతనిని అడగలేదు, అతనూ అడగలేదు.

ఇప్పటికీ సాయంత్రాలు నా షాపుకు వచ్చి కూర్చుంటాడు. ఎవరైనా కుర్రాడు ఫోన్‌లో ధరలు చూపించి, ఆన్‌లైన్‌లో ఇంకా తక్కువకే వస్తుంది కదా అని బేరమాడితే, ఓబులేసు చొక్కా చెయ్యి పైకి మడిచి వంకర మోచెయ్యి చూపిస్తాడు. దూరం సరుకును నమ్మి తానిలా అయ్యానని, ఈ అన్న దగ్గరే కొనుక్కోమని చెబుతాడు. ఆ కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. నేను సరుకు తీసి ఇస్తాను. నిన్న కూడా ఇచ్చాను.

ఆ క్రాంకులో ఏ లోపమూ లేదు. నేను బిగించలేదు. కావాలనే బిగించలేదు. ఇది రాశాక ఛాతీలో పట్టేసినదేదో కొంచెం సడలింది. అంతమాత్రాన నాకు క్షమాపణ దొరికినట్టు కాదని తెలుసు. ఎందుకంటే నిజం మీకు చెప్పాను. అతనికి చెప్పలేదు.