మిడత స్లైడు మీద నా పేరు

ఇరవై ఏళ్లకు పైగా ఒక గాజు పలకను మోస్తున్నాను. వేలెడంత పలక. దాని బరువు మొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

అనంతపురంలో జంతుశాస్త్రం చదివే రోజుల్లో నా పక్క బల్ల రామాంజనమ్మది. గొర్రెలు కాసుకునే ఇంటి పిల్ల. వేరుశనగ చేలో పట్టిన ఆడ మిడతను కోసి, అండాశయంలోంచి గుడ్లు వరసగా పెరిగే సన్నని నాళిక ఒక్కదాన్ని చెక్కుచెదరకుండా తీసి, రంగు పట్టించి స్లైడు చేయాలి. నాది ప్రతిసారీ తెగిపోయేది. ఆమెది మొదటిసారికే వచ్చింది.

ఆమె నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు సూక్ష్మదర్శినిలో చూశాను. అబ్బ! గులాబీ రంగులో గుడ్లు ఒకదాని వెనక ఒకటి. కొసన కనిపించీ కనిపించనంత, కిందికి వచ్చేకొద్దీ నిండుగా, ఒక్కోదాని చుట్టూ ఇటుకలు పేర్చినట్టు కణాలు. వానలేని ఈ నేల మీద గెంతే పురుగు కడుపులో ఇంత ఏర్పాటా! ఆ సంతోషం నిజం. మరి ఆ సంతోషంలోనే ఆమె పేరున్న చీటీ పీకి నా పేరు అంటించానా? లేక అది వట్టి అసూయేనా? ఇప్పటికీ తేల్చుకోలేను. నా తెగిన ముక్కకు ఆమె చీటీ అంటించి ఆమె బల్ల మీద పెట్టాను.

తిరిగొచ్చి చూసుకుంది. "గాజు అదిమేటప్పుడు తెగినట్లుండాది పో," అని నవ్వేసింది. తర్వాత 'నాది' చూసింది. "మే, ఎంత బాగుండాదే! నీ చెయ్యి కుదిరింది సూడు!"

నేను తలూపాను. ఆ ఏడు కాలేజీలో మొదటి బహుమతి ఆ స్లైడుకే.

మొన్న ఫోన్ చేశాను. ఇప్పుడామె గోరంట్ల దగ్గర బడిలో సైన్సు టీచరు. గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేశాను.

"క్లాసులో ఉండా. పిల్లోల్లకు ఇనపడేట్టు పెడతా. మల్లా చెప్పు," అంది రామాంజనమ్మ.

చెప్పాను. అప్పుడొక అమ్మాయి, "మేడం, ఆ గుడ్లు ఎట్లుంటాయి?" అంది. చెప్పడం మొదలుపెట్టాను, ఇక ఆపలేకపోయాను. అటు పిల్లల కేరింతలు, ఇటు నా నవ్వు.

క్షమించానని రామాంజనమ్మ అనలేదు. నేనూ అడగలేదు.

"రేపు మిడతల్ని పట్టుకొస్తారంట. నువ్వే వచ్చి కోసి సూపీ," అంది.

"నాకు రాదు రామాంజీ. ఎప్పుడూ రాలేదు," అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో!